బాపమ్మకు రాని కత్తెర

చిన్ను కుడి చెయ్యి మళ్లీ తొడ కిందికి పోయింది. వాడి ముందు మోకాళ్ల ఎత్తున్న చిన్న బల్ల, దాని మీద రంగురంగుల పూసలు, ఒక తాడు, చెక్క ముక్కలు, తెల్ల కాగితాలు, బొటనవేలంత లావు పెన్సిల్ ఉన్నాయి. ఇంత సరంజామా నా ముందు పెడితే అరవై దాటిన ఈ వయసులో కూడా నేను పండగ చేసుకుందును. వాడు మాత్రం పెళ్లిలో అలిగిన పెద్దమనిషిలా ముఖం పక్కకు తిప్పుకుని, “నాకు రాదు” అన్నాడు.

చిన్ను మా అబ్బాయి కొడుకు. నాలుగు నిండి ఐదులో పడ్డాడు. పుట్టినప్పటి నుంచీ వాడి కుడి చెయ్యి కొంచెం మొండికేస్తుంది. బొటనవేలు పిడికిలి లోపలికి ముడుచుకుంటుంది, మోచెయ్యి పూర్తిగా చాపుకోదు. మిగతా మనిషి నిక్షేపంగా ఉన్నాడు, ఇల్లు పీకి పందిరేయడంలో ఎవరికీ తీసిపోడు. కానీ నర్సరీలో వాళ్ల మిస్సు, కత్తిరించడం, అతికించడం, గీత దాటకుండా రంగులు వేయడం రావడం లేదు కాబట్టి వీడిని ఇంకో ఏడాది అదే తరగతిలో ఉంచుదామన్నది. ఆమె మంచి మనిషే, వీడి మేలు కోరే చెప్పింది. తరగతి గురించి నాకంత దిగులు లేదు. నా దిగులల్లా వీడు ఆ చేతిని దాచుకోవడం నేర్చుకున్నాడని. కూర్చుంటే తొడ కింద, నిలబడితే వీపు వెనక. ఏమిచ్చినా ముట్టుకోకముందే “రాదు” అనే మాట. అందుకే మా కోడలు నిజామాబాద్‌లోనే ఉన్న, ఇలాంటి పిల్లల చేతులకు పని నేర్పే ఈ సెంటర్‌ను వెతికి పట్టుకుంది. వాళ్లిద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి, పోస్టాఫీసు కౌంటర్ నుంచి రిటైరై కథలు రాసుకుంటూ కూర్చున్న నాకు ఆటోలో వాడిని తీసుకుపోయే పని పడింది.

అక్కడి మేడం నా కోడలి కంటే చిన్నది. నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని వాడితో మాట్లాడుతుంది. వీడికెందుకు రావడం లేదని నేను చాటుగా అడిగితే, “కన్ను సూసింది చెయ్యి చెయ్యాలె గదమ్మా, రెండిటి నడుమ ఒక తొవ్వ ఉంటది. ఈ వయసుల అందరికీ గది కచ్చా రోడ్డే. చిన్నుకు జర గుంతలు ఎక్కువ, అంతే,” అన్నది. పక్క బల్ల దగ్గర ఒక పాప, ఏ ఇబ్బందీ లేనిది, తన అన్నకు తోడుగా వచ్చింది. ఊరికే ఉండలేక మేడం గీసి చూపిన చతురస్రాన్ని తానూ గీసింది. అచ్చం ఆలుగడ్డలా వచ్చింది. గీసి, ఎంత గొప్పగా ఉందో చూడమన్నట్టు అందరికీ చూపించింది. దానికీ మావాడికీ తేడా ఎక్కడుందో నాకప్పుడు అర్థమైంది. దానిది ఆలుగడ్డయినా దానికి సిగ్గు లేదు. మావాడు సిగ్గుపడి అసలు గీయనే గీయడు.

చివరికి మేడం ఎట్లాగో బుజ్జగించి వాడి ఎడమ చేతిలో ఒక చిన్న కత్తెర పెట్టింది. వాడు కాగితాన్ని నొక్కి చూశాడు. కాగితం తెగలేదు. రెండు రేకుల మధ్య మడతపడి కిందికి వేలాడింది. “అయ్యో, ఇది కుడిచేతి కత్తెర. ఎడమచేతిది మా దగ్గర ఒక్కటే ఉన్నది, లోపటి రూముల ఎవరో పట్టుకపోయినట్టున్నరు. వచ్చే వారం గదే ఇద్దాం,” అని మేడం నొచ్చుకుంది. చిన్ను కత్తెర బల్ల మీద పడేసి, గెలిచినవాడిలా నా వైపు చూసి, “చెప్పిన గద నానమ్మా, రాదని,” అన్నాడు.

నేను మాత్రం ఆ మడతపడిన కాగితాన్నే చూస్తూ ఉండిపోయాను. అట్లా మడతపడటం నేను ఇంతకుముందు చూశాను. అప్పుడది కాగితం కాదు, బీడీలు చుట్టే తునికాకు.

బోధన్‌లో మా ఇల్లు చక్కెర ఫ్యాక్టరీకి గాలివాటున ఉండేది. సీజన్ మొదలైతే చెరుకు మడ్డి వాసన వచ్చి ఇంట్లో మనిషిలాగా తిష్ట వేసేది. కొత్తగా వచ్చిన చుట్టాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. మాకది పట్టేదే కాదు, పైగా సెలవులకు వర్నిలో అమ్మమ్మ ఇంటికి పోతే అక్కడి గాలిలో ఏదో తక్కువైనట్టు ఉండేది. ఆ మడ్డి వాసన మీద రాత్రంతా గోనెసంచిలో నానిన తునికాకు వాసన, దాని మీద తంబాకు ఘాటు. పొద్దున లేవగానే ఇంటిల్లిపాదీ తుమ్ముతూ లేచేవాళ్లం. బాపు, మా నాన్న, సీజన్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బండ్లు దించే పనికి పోయేవాడు, సీజన్ లేనప్పుడు నిజాంసాగర్ కాలువల కింద వరి పొలాలకు కూలికి పోయేవాడు. ఇంటిని ఏడాది పొడవునా నడిపింది మాత్రం బీడీలే. బాపమ్మ, అంటే బాపు తల్లి, ఆకు కత్తిరించేది. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం, అవ్వ తంబాకు పోసి బీడీ చుట్టి దారం కట్టేది. పిల్లలం బీడీ మూతులు మడిచేవాళ్లం.

బాపమ్మ వాకిట్లో కాళ్లు చాపుకుని, ఒడిలో చాట పెట్టుకుని కూర్చుందంటే ఇక ఆ ఇంటికి ఆమే కలెక్టరు. ఆకు మీద రేకుముక్క అచ్చు పెట్టి, కత్తెరతో చుట్టూ తిప్పి కత్తిరించేది. ఆకు వైపు చూసేదే కాదు. చూపంతా వీధిలో పోయేవాళ్ల మీద ఉండేది. ఎవరి కోడలు ఎంత పొద్దెక్కి నీళ్లకు పోతున్నదీ, ఎవరి బండి చెరుకు ఎండిపోయిందీ అన్నీ చూస్తూనే ఉండేది, చేతిలో కత్తెర చకచకా ఆడుతూనే ఉండేది. వాడకట్టులో ఆమె చేతి ఒడుపుకు పెద్ద పేరు. కొత్త కోడళ్లకు ఆకు కత్తిరించడం నేర్పాలంటే తెచ్చి బాపమ్మ ముందు కూర్చోబెట్టేవాళ్లు. జన్మంతా బీడీల మధ్య బతికినా ఆమెకు బీడీ తాగేవాళ్లంటే మంట. బాపు వెలిగించబోతే, “చేసుడు మా కర్మ, తాగుడు నీకేం కర్మరా?” అని కేకలేసేది.

ఇప్పుడు చిన్నుకు సెంటర్‌లో నేర్పిస్తున్నవన్నీ మాకు ఆ వాకిట్లో ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. చూపు మందగించిన ముసలమ్మలందరికీ వాడకట్టు పిల్లలమే కళ్లం. “బిడ్డా, జర సూదిల దారం ఎక్కియ్యి,” అని ఏ గడపలో నుంచి ఎవరు పిలిచినా పోయి, దారం కొస నోట్లో తడిపి, ఒక కన్ను మూసి ఎక్కించి, చేతిలో పెట్టిన బెల్లం ముక్క నములుతూ తిరిగొచ్చేవాళ్లం. గోటీలు, బొంగరాలు, గచ్చకాయలు, కదిలే బండి వెనక నుంచి చెరుకుగడ లాగడం, ఇవన్నీ కంటికీ చేతికీ పనే. చెరుకుగడ లాగడంలో కాళ్లకు కూడా కొంత పని ఉండేది, ఎందుకంటే బండివాడు చెర్నాకోల పట్టుకుని దిగేవాడు.

నా తర్వాతిది మా చెల్లెలు సుగుణ. ఇద్దరికీ రెండేళ్ల తేడా. దాని కుడి చెయ్యి కూడా చిన్ను చెయ్యి లాంటిదే. బొటనవేలు లోపలికి, పిడికిలి బయటికి. ఇది వంశంలో వచ్చేది కాదని డాక్టరు నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అయినా చిన్ను పుట్టిన కొన్ని నెలలకు వాడి పిడికిలి చూసినప్పుడు నా నోటికి ముందు వచ్చింది సుగుణ పేరే. సుగుణ ఏ పనికైనా తన దారి తాను వెతుక్కునేది. సూదిని బొంతలో నిలువునా గుచ్చి, ఎడమ చేత్తో దారం ఎక్కించేది. చెరుకుగడను చంకలో ఇరికించుకుని పళ్లతో చెక్కు తీసేది. మేము ఒక కణుపు తినేలోపు అది రెండు తినేసి మా గడల వైపు చూసేది.

కానీ బాపమ్మకు ఆ ఎడమ చెయ్యంటే భయం. మా వైపు దాన్ని పుర్ర చెయ్యి అంటారు. పుర్ర చేత్తో పనిచేసే ఇంట్లో లచ్చిమి నిలవదని ఆమె గట్టి నమ్మకం. సుగుణ ఎడమ చేత్తో ఏది పట్టుకున్నా మెల్లగా దాని చేతిలో నుంచి తీసి కుడి పిడికిలిలో దూర్చేది. అది జారి కింద పడేది. మళ్లీ దూర్చేది. ప్రేమ లేక కాదు. రోజూ పొద్దున్నే నువ్వుల నూనె వెచ్చ చేసి, ఆ పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఒక్కో వేలూ విప్పుతూ, ఎండ గడప దాటేదాకా రాసేది. ఆ వేళ్లు విప్పుతున్నంతసేపూ దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచి, పిలిచినా పలకలేదని పేరుపేరునా తిట్టేది. బాపమ్మ ప్రేమ అట్లాగే ఉండేది, కాస్త నూనె జిడ్డుగా.

అసలు గండం బడి రూపంలో వచ్చింది. ఆ రోజుల్లో మా వాడకట్టులో ఎవరు ఎప్పుడు పుట్టారో ఎవరికి తెలుసు? ఆ ఏడు వాన బాగా పడ్డప్పుడనో, కాలువ తెగినప్పుడనో చెప్పేవాళ్లు. అందుకని బడిలో సారు పిల్లను ఎదురుగా నిలబెట్టి, కుడి చెయ్యి నెత్తి మీద నుంచి తిప్పి ఎడమ చెవిని అందుకోమనేవాడు. అందితే వయసు వచ్చినట్టు, ఒకటో తరగతి. అందకపోతే మరుసటేడు రమ్మనడమే. ఎండాకాలం చివరికొచ్చేసరికి ప్రతి వాకిట్లో ఇదే తంతు. తల్లులు పిల్లల మెడలు పక్కకు వంచేవాళ్లు, చేతులు సాగదీసేవాళ్లు, పిల్లలు చెవి ఎర్రబడేదాకా గుంజుకునేవాళ్లు. నేను ఆ పరీక్ష ముందే గట్టెక్కాను కాబట్టి పెద్ద తెలిసినదానిలా అందరికీ సలహాలిస్తూ తిరిగేదాన్ని.

సుగుణకు ఎడమ చెయ్యి నెత్తి మీద నుంచి అవలీలగా పోయి కుడి చెవి తమ్మెను పట్టుకునేది. కుడి చెయ్యి మాత్రం గడ్డం దాకా వచ్చి ఆగిపోయేది. బాపమ్మ నూనె రెట్టింపు చేసింది, చెయ్యి రెట్టింపు కాలేదు. ఒకరోజు కత్తెర కింద పెట్టి, “ఇగ బడి లేదు, గిడి లేదు. ఆడ పది మందిల నవ్వులపాలు చేసుడెందుకు? ఇంట్ల ఉండనీ. ఆకు కత్తిరించుడు నేర్పుత. గదన్న చేతికి అందుతది,” అన్నది. సుగుణ అప్పటికే నా పాత పలకను సంచిలో సర్దిపెట్టుకుంది. ఆ సంచి తీసుకుని గోడ మూలకు పోయి కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

సరే, ఆకు కత్తిరించడమైనా నేర్పుదామని బాపమ్మ మరునాడే మొదలుపెట్టింది. కుడి పిడికిట్లో కత్తెర నిలబడలేదు. విసిగి వేసారి చివరికి, లచ్చిమి క్షమించుగాక అని, ఎడమ చేతికి ఇచ్చింది. రేకు అచ్చు మీద కత్తెర తిప్పగానే ఆకు తెగలేదు. రెండు రేకుల మధ్య మడతపడి వేలాడింది. ఇంకో ఆకు ఇచ్చినా అంతే. రోజూ కాసేపు ఇదే. చాట నిండా మడతలు పడ్డ ఆకులు. “గిది గూడ రాదు దీనికి,” అని బాపమ్మ నిట్టూర్చేది. ఆ మాట అన్నిసార్లు విన్నాక సుగుణ కూడా అదే మాట పట్టుకుంది. ముగ్గు పిండి ఇచ్చినా, గచ్చకాయలు ఇచ్చినా, “నాకు రాదక్కా,” అనేది. సూదిలో దారం ఎక్కించమని ముసలమ్మలు పిలిచినా పోవడం మానేసింది.

మా అవ్వ మాట తక్కువ మనిషి. అత్త ముందు ఇంకా తక్కువ. ఒకనాడు ఇంట్లో కత్తెరలన్నీ మూటగట్టి సాన పట్టించడానికి ఇస్మాయిల్ చాచా దగ్గరికి పోతూ మమ్మల్నిద్దరినీ వెంట తీసుకుపోయింది. ఇస్మాయిల్ చాచా కత్తెరలు చేసేవాడు, పాతవాటికి పదును పెట్టేవాడు. ఆయన గుడారం లాంటి దుకాణంలో నిప్పురవ్వలు లేస్తుంటే చూడటం మాకు సర్కస్‌తో సమానం. సుగుణ ఊరికే ఉండక అక్కడున్న ఒక కత్తెర ఎడమ చేత్తో తీసి గుడ్డపేలిక కత్తిరించబోయింది. పేలిక మడతపడింది. చాచా సాన ఆపి పకపకా నవ్వాడు.

“అరే, గిది అచ్చం మా తమ్ముడే! వాడు గూడ పుర్ర చెయ్యే. నాందేడ్‌ల దర్జీ పని చేస్తడు. వానికి నేనే కత్తెర ఉల్టా చేసిచ్చిన.”

“ఉల్టా అంటే ఎట్ల చాచా?” అని అవ్వ అడిగింది.

“పై రేకు కిందికి, కింది రేకు పైకి. గంతే. మన కత్తెరలు కుడి చేతికి చేసినయి. పుర్ర చేత్తోని పడ్తే రేకులు దూరం దూరం జరుగుతయి, నడుమ ఆకు మడత పడక ఏం జేస్తది?”

అవ్వ సుగుణ చేతి వైపు చూసింది. తర్వాత, “చిన్నది ఒకటి చేసియ్యి చాచా. గని మా అత్తకు ఎరుకైతే నన్నే సాన పడ్తది,” అన్నది. “మీ అత్తకు నేనెందుకు చెప్త? నాకు పానం మీద తీపి లేదా?” అన్నాడు చాచా.

శుక్రవారం, జుమ్మా నాడు, ఆ కత్తెర మా ఇంటికి వచ్చింది. అవ్వ దాన్ని ఆకు గోనెసంచి అడుగున దాచింది. బాపమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోగానే సుగుణ సంచి దగ్గర చేరేది, నేను గడప దగ్గర కాపలా. మొదటి ఆకు తెగినప్పుడు దాని ముఖం చూడాలి. తెగిన ముక్కను ఎండకు అడ్డం పెట్టి ఈ వైపూ ఆ వైపూ తిప్పి చూసుకుంది. అచ్చు జారకుండా పట్టుకోవాలి కదా, దానికి ఎవరూ చెప్పకుండానే తన కుడి పిడికిలిని తెచ్చి రేకు మీద బరువుగా ఆనించింది. అప్పటిదాకా ఆ చేతికి ఇంట్లో ఎవరూ ఏ పనీ ఇవ్వలేదు. నూనె రాయించుకోవడమే దాని పని. ఇప్పుడు అదీ ఆకు కత్తిరించడానికి వచ్చింది. వంకరటింకరగా, కోసులు కోసులుగా తెగేవి. రోజులు గడిచేకొద్దీ కోసులు తగ్గాయి.

ఇలాంటి దొంగతనాలు ఎంతకాలం దాగుతాయి? ఒక పొద్దున బాపమ్మ ఆకు సంచి విప్పి, చేతికి దొరికిన కత్తెర తీసుకుని, ఎప్పటిలాగే వీధి వైపు చూస్తూ ఆకు మీద ఆడించింది. ఆకు మడతపడింది. ఇంకో ఆకు తీసింది. అదీ మడతపడింది. నేనూ సుగుణా మూతులు మడిచే పని ఆపేసి బిగుసుకుపోయాం. అవ్వ తల వంచుకుని దారం కడుతున్నట్టు నటించింది కానీ ఆమె చేతిలో దారమే లేదు. బాపమ్మ మొదట ఆకును తిట్టింది, ఎక్కువ నానిందని. తర్వాత ఆకు పంపిన కార్ఖానావాళ్లను తిట్టింది. తర్వాత పదును సరిగ్గా పెట్టలేదని ఇస్మాయిల్ చాచాను, ఆయన సానను తిట్టింది. జీవితంలో మొదటిసారి వీధిని వదిలేసి ఆకు వైపు చూస్తూ, నాలుక బయటపెట్టి, చిన్నపిల్లలా కష్టపడి కత్తెర నొక్కింది. వాడకట్టంతటికీ నేర్పిన చెయ్యి ఆకు కొస కూడా తెంపలేకపోయింది.

అప్పుడు సుగుణ లేచి పోయింది. “బాపమ్మా, గది నాది. ఇటియ్యి. నీకు రాదు గని, నేను చూపిస్త,” అన్నది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది బాపమ్మ ఒళ్లో నుంచి చాట లాక్కుని, రేకు మీద పిడికిలి ఆనించి, ఎడమ చేత్తో కత్తెర తిప్పింది. ఆకు శుభ్రంగా తెగి చాటలో పడింది. ఇంకోటి కత్తిరించింది. బాపమ్మ కత్తెర తీసుకుని తన కుడి చేత్తో ఇంకోసారి ప్రయత్నించింది, ఆకు మళ్లీ మడతపడింది. ఆ మడతపడ్డ ఆకును పట్టుకుని, అన్ని రోజులూ సుగుణ చాటలో మిగిలిన మడత ఆకులు గుర్తొచ్చాయో ఏమో, దాని మడతను బొటనవేలితో సాపు చేసింది. చివరికి, “గీ కత్తెరకు నా చెయ్యే వంకర,” అన్నది. అని, సుగుణ ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో అప్పుడు నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

బడి తెరిచిన రోజు సుగుణను తీసుకుపోయింది బాపూ కాదు, అవ్వా కాదు, బాపమ్మే. ఉతికిన చీర కట్టుకుని, పిల్లకు రెండు జడలు బిగించి అల్లి, ముందు నడిచింది. సారు ముందు పిల్లలు వరుసలో నిలబడి ఒక్కొక్కరే చెవులు అందుకుంటున్నారు. సుగుణ వంతు రాగానే ఎడమ చెయ్యి ఎత్తి కుడి చెవి పట్టుకుంది.

“గా చెయ్యి కాదమ్మా, కుడి చెయ్యి,” అన్నాడు సారు.

“సారూ,” అని బాపమ్మ ముందుకొచ్చింది, “చెవు అందిందా లేదా? ఏ చేత్తోని పట్టినవని చెవు అడుగుతదా?”

వెనక నిలబడ్డ తల్లులు కిసుక్కున నవ్వారు. సారు కూడా నవ్వాపుకుంటూ సుగుణ కుడి చెయ్యిని గమనించాడు. ఈసారి మెల్లగా అడిగాడు, “రాయాలె గదమ్మా. ఎట్ల రాస్తది?”

“గీ చేత్తోనే రాస్తది. సుద్ద ముక్క ఇచ్చి సూడు.”

సారు ఇచ్చాడు. సుగుణ నేల మీద కూర్చుని, పలక కదలకుండా పిడికిలితో అదిమి, ఎడమ చేత్తో ఒక సున్న చుట్టింది. మనమంతా తిప్పే వైపు కాదు, దానికి ఎదురు వైపు తిప్పింది. మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిపింది. సారు వంగి చూసి, “ఉల్టా తిప్పింది గని, సున్న సున్ననే,” అని పేరు రాసుకున్నాడు. పుర్ర చేతికి లచ్చిమి నిలవదని నమ్మిన బాపమ్మ ఆ సాయంత్రం వాడకట్టంతా తిరిగి, తన మనవరాలు పుర్ర చేత్తో సున్న ఎట్లా చుట్టిందో గాలిలో చుట్టి మరీ చూపించింది.

సెంటర్ నుంచి వస్తూ ఆటోలోనే సుగుణకు ఫోన్ చేశాను. బోధన్‌లో దానికి జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. కుట్టే అమ్మాయిలు వేరే ఉన్నారు, కటింగ్ మాత్రం అదే చేస్తుంది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. నీ పాత కత్తెర ఇయ్యి, చిన్నుకు కావాలి అన్నాను.

“అక్కా, నీకు అక్కల్, తెలివి ఉన్నదా?” అన్నది. “గది ఆకు కత్తిరించే ఇనుప కత్తెర. పోరని వేలు తెగుతది. ఇప్పుడు పిల్లలకు పుర్ర చేతి కత్తెరలు రంగురంగులయి ఫోన్ల దొరుకుతున్నయి, నేను మంగిస్త. ఆదివారం పోరన్ని తీస్కరా. గా పాతది మాత్రం అడుగకు, నేను పోయినంక తీస్కపో.” అది మొదటి నుంచీ అంతే, తన వస్తువు ఎవరికీ ఇవ్వదు. ఎక్కువ రోజులు బతకాలని మాత్రం దానికి గట్టి పట్టుదల ఉంది, కాబట్టి ఆ కత్తెర నాకు దక్కదు.

ఆదివారం బస్సులో కిటికీ పక్కన చిన్నును కూర్చోబెట్టుకుని పోతుంటే దారి పొడుగునా వరే కనిపించింది. చెరుకు అక్కడక్కడా మాత్రమే ఉంది. బోధన్‌లో దిగితే గాలిలో మడ్డి వాసన లేదు, ఫ్యాక్టరీ సైరన్ మోగక ఏళ్లు గడిచాయి. మా కాలమే మంచిదని నేను అనను. తంబాకు దుమ్ములో పసిపిల్లలను కూర్చోబెట్టిన కాలం అది. ఆ దుమ్ము అవ్వ గుండెల్లో చేరి చివరిదాకా దగ్గించింది. సుగుణ లాంటి పిల్లకు ఏం కావాలో తెలిసిన మేడం ఒక్కరు కూడా లేరు, ఒక మామూలు కత్తెర కోసం అవ్వ తన అత్తకు భయపడి దొంగచాటు పని చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్లో వేలు ఆనిస్తే గడపలోకి వస్తుంది. ఒక్కటి మాత్రం నాకు వెలితిగా అనిపిస్తుంది. అప్పుడు సుగుణ మడత ఆకులు వేసినా పదిమంది మధ్యన కూర్చుని వేసేది. చిన్ను నాలుగు గోడల మధ్య, ఒక బల్ల ముందు, పెద్దవాళ్లు కళ్లప్పగించి చూస్తుండగా చేయాలి. మాలాంటి వాళ్లు అట్లా చూస్తే నాకైనా చెయ్యి రాదు.

మేము పోయేసరికి సుగుణ బల్ల మీద జాకెట్ గుడ్డ పరిచి కత్తిరిస్తున్నది. గుడ్డ మీద కుడి పిడికిలి ఆనించి ఉంది, ఎడమ చేతిలో పెద్ద కత్తెర కరకరమంటూ పోతున్నది. చిన్ను బల్ల అంచుకు గడ్డం ఆనించి చూశాడు. పిడికిలి వైపు చూశాడు, ఆమె ముఖం వైపు చూశాడు, మళ్లీ పిడికిలి వైపు చూశాడు.

“చిన్నమ్మమ్మా, నీ చెయ్యి గూడ గిట్లనేనా?”

నిజానికి సుగుణ వాడికి చిన్న నానమ్మ. వరసలు కలపడం వాడికింకా రాలేదు. సుగుణ సరిదిద్దలేదు. “ఆ, గిట్లనే,” అన్నది పని ఆపకుండా. “ఎందుకురా, గుడ్డ జారుతున్నది, ఈ పక్క జర పట్టు.” వాడు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత వీపు వెనక నుంచి తన చెయ్యి తెచ్చి గుడ్డ అంచు మీద పెట్టాడు. సుగుణ మెచ్చుకోలేదు, కత్తిరించుకుంటూ పోయింది. నేను పొగడటానికి నోరు తెరవబోతే నా వైపు ఒక్క చూపు చూసింది. అచ్చం బాపమ్మ చూపు. మూసుకున్నాను.

పని అయ్యాక పాత పేపరు ఒకటి కింద పరిచి, ఆకుపచ్చ పిడి ఉన్న చిన్న కత్తెర వాడి ముందు పడేసి, “నీ ఇష్టం వచ్చినట్టు కొయ్యి. నాకేం చూపించకు, నాకు పనున్నది,” అని మళ్లీ బల్ల దగ్గరికి పోయింది. వాడు కాసేపు దాన్ని కాలితో కదిపాడు. తర్వాత ఎడమ చేత్తో తీసుకున్నాడు. పేపరు కరుక్కుమని తెగింది. వాడు ఉలిక్కిపడి ఆగాడు. మళ్లీ కోశాడు. ఇక ఆగలేదు. రాజకీయాలూ వాతావరణమూ సినిమా ప్రకటనలూ కోసులు కోసులుగా నేల మీద పడ్డాయి. వచ్చే ఏడు వాడు ఏ తరగతిలో కూర్చుంటాడో నాకు తెలియదు. మేడం చెప్పిన గుంతలన్నీ ఒక్క ఆదివారంతో పూడవని మాత్రం తెలుసు. అయినా ఆ కరకర చప్పుడు వింటుంటే నాకు మనసు తేలికై, ఊరికే ఉండలేక, “నాకియ్యిరా, నేనొక పువ్వు కోసిస్త,” అని కత్తెర తీసుకున్నాను.

పేపరు మడతపడింది. సరిచేసి మళ్లీ నొక్కాను. మళ్లీ మడతపడి వేలాడింది. బల్ల దగ్గర సుగుణ భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. “ఈ కత్తెరకు నా చెయ్యే వంకరరా,” అన్నాను. చిన్ను నా చేతి వైపు జాలిగా చూశాడు. ఇన్నాళ్లూ వాడికి మేమంతా చెప్పిన మాటే నాకు చెప్పాడు: “ఏం గాదు నానమ్మా, అలవాటైతది. నేను చూపిస్త.” పేపరు కదలకుండా తన కుడి పిడికిలితో అదిమి పట్టాడు.